దేవుణ్ణి అడగడానికి వచ్చినవాళ్ళు: లివాదియా నుంచి డొడోనా దాకా

సోమవారం, లివాదియా

ఏథెన్స్ నుంచి డెల్ఫీకి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది లివాదియాను దాటుకుని వెళ్ళిపోతారు. మేం అక్కడ ఆగడానికే పొద్దున్నే బయల్దేరాం. తమ్ముడు స్టుట్‌గార్ట్ నుంచి వచ్చాడు. కారు నడపడం వాడి వంతు, ఎక్కడ ఆపాలో చెప్పడం నా వంతు. ప్రాచీన గ్రీకులు దేవుణ్ణి ప్రశ్న అడగడానికి వెళ్ళిన చోట్లను వరసగా చూడాలని నాకు ఎన్నాళ్ళుగానో కోరిక. దేవుడు ఏం చెప్పాడన్నది పుస్తకాల్లో చాలానే దొరుకుతుంది. అడగడానికి వచ్చినవాళ్ళు ఎలా వచ్చారు, ఏం అడిగారు, ఎంత భయపడ్డారు అన్నదే నాకు కావాలి.

ఊరి పైభాగాన కొండ చీలిక దగ్గర హెర్కినా నది ఊటలున్నాయి. ఆ చోటిని క్రియా అంటారు. వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లటి నీళ్ళు, పెద్ద పెద్ద చెట్ల నీడ, పాత రాతి వంతెన, ఒడ్డు పొడుగునా కాఫీ హోటళ్ళు. ఊట పక్కన నిటారుగా లేచిన బండలో దీపపు గూళ్ళంత గూళ్ళు తొలిచి ఉన్నాయి. ఒకప్పుడు వాటిలో మొక్కుబడులు పెట్టేవారు.

ఇక్కడ అడిగినవాళ్ళకు వాక్కు చెప్పింది ట్రోఫోనియస్ అనే దేవుడు. క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీసంతా తిరిగి రాసిన పౌసానియస్ ఈ తంతును పూసగుచ్చినట్టు చెప్పాడు. విన్న మాటలు రాయడం లేదు, నేనే వెళ్ళి అడిగొచ్చాను అని కూడా అన్నాడు.

ప్రశ్న అడగదలచినవాడు ముందు కొన్ని రోజులు ఒక సత్రంలో ఉండాలి. వేడినీళ్ళ స్నానం కూడదు, ఈ నదిలోనే మునగాలి. వరసగా బలులివ్వాలి. బలి ఇచ్చిన ప్రతిసారీ పశువు లోపలి భాగాలు చూసి ట్రోఫోనియస్ ప్రసన్నంగా ఉన్నాడో లేడో చెప్పేవాడు ఒకడుంటాడు. చివరి రాత్రి ఒక గోతి దగ్గర పొట్టేలును కోస్తారు. అంతకుముందు శకునాలన్నీ బాగున్నా ఈ పొట్టేలు శకునం తప్పితే అవేవీ లెక్కలోకి రావు. శకునం కుదిరితే ఆ రాత్రే పదమూడేళ్ళ కుర్రాళ్ళు ఇద్దరు అతన్ని నదికి తీసుకెళ్ళి, స్నానం చేయించి, ఒంటికి నూనె రాస్తారు. తర్వాత రెండు ఊటల నీళ్ళు తాగాలి. మొదటిది మరుపు నీరు, అప్పటిదాకా మనసులో ఉన్నదంతా పోవడానికి. రెండోది జ్ఞాపకం నీరు, కింద చూడబోయేది గుర్తుండటానికి.

నార చొక్కా తొడుక్కుని కొండెక్కితే కళ్ళంలా గుండ్రంగా కట్టిన చోట ఒక గొయ్యి ఉంటుంది. సన్నటి నిచ్చెన మీద దిగాలి. అడుగున, గోడ నేలను కలిసేచోట, జానెడు ఎత్తు, రెండు జానల వెడల్పు సందు. తేనె కలిపిన బార్లీ రొట్టెలు చేతబట్టుకుని, పడుకుని, కాళ్ళు ఆ సందులోకి దూర్చాలి. మోకాళ్ళు దాటగానే, వేగంగా పోయే నది మనిషిని లాక్కుపోయినట్టు ఒళ్ళంతా లోపలికి వెళ్ళిపోతుందట. లోపల కొందరికి కనిపిస్తుంది, కొందరికి వినిపిస్తుంది. మళ్ళీ అదే సందులోంచి, కాళ్ళు ముందుగా, బయటికి వస్తారు. పూజారులు అతన్ని జ్ఞాపకం కుర్చీలో కూర్చోబెట్టి ఏం చూశావని అడుగుతారు. భయంతో బిగుసుకుపోయి, తనెవరో పక్కనున్నది ఎవరో తెలియని ఆ మనిషిని అయినవాళ్ళకు అప్పగిస్తారు. వాళ్ళు మళ్ళీ సత్రానికి మోసుకెళతారు. కొంతసేపటికి తెలివి వస్తుంది, నవ్వు కూడా తిరిగొస్తుంది అని పౌసానియస్ రాశాడు. ఎప్పుడూ ముఖం వేలాడేసుకుని ఉండేవాణ్ణి చూసి ‘ట్రోఫోనియస్ దగ్గరికి వెళ్ళొచ్చాడు’ అనడం గ్రీకుల సామెత.

నన్ను పట్టుకున్నది ఆ మోసుకెళ్ళినవాళ్ళ సంగతి. మనిషి కిందికి దిగాడు, ఎలా పైకి వస్తాడో తెలియదు, నవ్వు తిరిగొచ్చేదాకా పక్కన కూర్చోవాలి. ఏ భార్యో, ఏ అన్నో అలా కూర్చుని ఉంటారు కదా.

సాయంత్రం కైరోనియా మీదుగా వెళ్ళాం. క్రీ.పూ. 338లో మాసిడోనియా రాజు ఫిలిప్ గ్రీకు నగరాల సైన్యాన్ని ఓడించిన చోటు. రోడ్డు పక్కనే పెద్ద రాతి సింహం ఉంది. నాకు మాత్రం అది ముందుగా క్రీ.శ. 1, 2 శతాబ్దాల రచయిత ప్లూటార్క్ సొంతూరు. డెల్ఫీలో అపోలో దేవుడి పూజారిగా ఏళ్ళతరబడి పనిచేసిన మనిషి ఆయన. రేపు మాకు దారి చూపేది ఆయన రాతలే.

మంగళవారం, డెల్ఫీ

ఫోటోలెన్ని చూసినా ఈ కొండవాలు ఇంత నిటారుగా ఉంటుందని తెలియదు. తల మీద వాలినట్టుండే పర్నాసస్ కొండచరియలు, కింద లోతైన లోయ, లోయ నిండా ఆలివ్ తోటలు, చివర ఇతెయా దగ్గర నీలంగా సముద్రం. ఈ శిథిలాల మీద ఒకప్పుడు కాస్ట్రి అనే ఊరుండేది. ఫ్రెంచ్ పురాతత్వ శాఖ 1892లో పెద్దయెత్తున తవ్వకాలు మొదలుపెట్టినప్పుడు ఊరు ఊరంతా పక్కకు తరలిపోయింది.

ఎక్కుదారి మలుపులు తిరుగుతూ అపోలో గుడి దగ్గరికి చేరుతుంది. క్రీ.పూ. 373 భూకంపంలో పాత గుడి కూలిపోతే తర్వాత కట్టిన గుడి ఇది. ఇప్పుడు నిలబెట్టినవి ఆరు స్తంభాలు. గుడి ఎదుట కియోస్ ద్వీపంవాళ్ళు కట్టించిన బలిపీఠం. అందరికంటే ముందు ప్రశ్న అడిగే హక్కును డెల్ఫీవాళ్ళు వాళ్ళకిచ్చారని ఆ పీఠం మీదే చెక్కి ఉంది. ఇక్కడ వరస అంత ముఖ్యం మరి. ప్లూటార్క్ కాలానికి దేవుడు నెలకోసారే పలికేవాడు. చలికాలం మూడు నెలలు అపోలో ఊళ్ళో ఉండడని నమ్మకం. అప్పుడు అదీ లేదు. వచ్చినవాళ్ళు రుసుం కట్టాలి, మేకను తేవాలి. మేక మీద నీళ్ళు చల్లితే అది నిలువెల్లా వణకాలి. వణకకపోతే ఆ రోజు దేవుడు పలకడానికి సిద్ధంగా లేడని అర్థం.

పలికేది పిథియా, అంటే అపోలో మాట చెప్పే పూజారిణి. డెల్ఫీ స్త్రీయే. మొదట్లో కన్యలను ఎంచేవారు. థెస్సలీ నుంచి వచ్చిన ఒకడు ఒక పిథియాను ఎత్తుకుపోయి చెరిచాక, యాభై దాటినవాళ్ళనే ఎంచాలని నియమం పెట్టారు. బట్టలు మాత్రం కన్య బట్టలే. ప్లూటార్క్ కాలంలో ఉన్నామె పేద రైతు బిడ్డ. చదువూ లేదు, కవిత్వమూ రాదు, ఏమీ నేర్వని మనసుతో దేవుడి దగ్గరికి వెళుతుంది అని ఆయన ఎంతో గౌరవంగా రాశాడు. పూర్వం గిరాకీ ఎంత ఉండేదంటే ఇద్దరు పిథియాలు వంతులవారీగా కూర్చుంటే మూడో ఆమె సిద్ధంగా ఉండేదట. ఆయన కాలానికి ఒక్కరే సరిపోయారు.

ప్లూటార్క్ చెప్పిన ఒక సంఘటన ఆ మెట్ల దగ్గర నన్ను కదలనివ్వలేదు. పరదేశం నుంచి ఒక బృందం వచ్చింది. మేక వణకలేదు. వచ్చినవాళ్ళు పెద్దవాళ్ళు, వాళ్ళను ఉత్త చేతులతో పంపడం ఇష్టంలేక పూజారులు మేకను నీళ్ళతో ముంచెత్తి ఎలాగో వణికించారు. పిథియా ఇష్టం లేకుండానే లోపలికి దిగింది. మొదటి మాటలకే గొంతు బొంగురుపోయింది, ఒంట్లో ఏదో చెడ్డగాలి చేరినట్టు అరుస్తూ తలుపు వైపు పరుగెత్తి నేల మీద పడిపోయింది. అడగడానికి వచ్చినవాళ్ళే కాదు, పూజారులు కూడా పారిపోయారు. కాసేపటికి తిరిగొచ్చి ఆమెను లేవదీశారు. కొద్ది రోజులకే చనిపోయింది. దేవుడు కాదన్నాడని తెలిసీ మనుషులు బలవంతం చేశారు. డెల్ఫీ మహిమ గురించి ఎవరు ఎన్ని చెప్పినా నేను ఆ పేరు తెలియని ఆమెనే తలుచుకుంటాను.

ఆమె పలుకుకు కారణం నేలలోంచి వచ్చిన వాయువులంటారు. గుడి కింద భూమి పొరల్లో పగుళ్ళున్నాయని, ఇథిలీన్ లాంటి వాయువు పైకి వచ్చి ఉండొచ్చని కొందరు భూగర్భ శాస్త్రవేత్తలు ఇరవై ఏళ్ళకు ముందే అన్నారు. ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. ఏ వాయువైనా పూనకానికి కారణం చెప్పగలదు గానీ, అంత దూరం నుంచి జనం ఎందుకొచ్చారో చెప్పలేదు.

ఎందుకొచ్చారో చెప్పేవి ప్రశ్నలు. లిడియా రాజు క్రీసస్ పర్షియా మీదికి వెళ్ళనా అని అడిగితే గొప్ప సామ్రాజ్యం కూలుతుందన్నారు, కూలింది అతనిదే. ఈ కథ అందరికీ తెలుసు. నాకు అంతకంటే ఇష్టమైనవి రెండున్నాయి. ఒకటి ఏథెన్స్ మనిషి జెనొఫోన్‌ది. పర్షియా రాకుమారుడి దండులో చేరాలా వద్దా అని అతను సోక్రటీసును సలహా అడిగాడు. డెల్ఫీకి వెళ్ళి దేవుణ్ణి అడగమన్నాడు ఆయన. జెనొఫోన్ వెళ్ళాడు గానీ, ‘ఏ దేవతలకు బలులిస్తే నా ప్రయాణం బాగా జరుగుతుంది’ అని అడిగి వచ్చాడు. వెళ్ళాలా వద్దా అన్నది నువ్వే తేల్చేసుకున్నావన్నమాట అని సోక్రటీసు మందలించాడు.

రెండోది ఏథెన్స్ నగరం అడిగింది. క్రీ.పూ. 352లో ఏథెన్స్ దగ్గరి ఎల్యూసిస్ గుడి దేవతల మాన్యాన్ని సాగుకివ్వాలా, బీడుగానే వదలాలా అని తగాదా వచ్చింది. రెండు తగరపు రేకుల మీద రెండు మాటలూ రాసి, ఒకే రకంగా చుట్టి, ఉన్నిలో పొదిగి, కంచు పాత్రలో వేసి కుదిపారు. ఒకటి తీసి బంగారు బిందెలో, రెండోది వెండి బిందెలో వేసి సీళ్ళు వేశారు. ఏ బిందెలో ఏముందో ఎవరికీ తెలియదు. ముగ్గురు మనుషులను డెల్ఫీకి పంపి, బంగారు బిందె మాట వినమంటావా, వెండి బిందె మాటా అని మాత్రమే అడిగించారు. పిథియాను ఎవరూ కొనలేరు, పూజారి ఎవరి పక్షమూ వహించలేడు. బీడుగా వదలమనే తేలింది. దేవుణ్ణి నమ్మడం, మనిషిని నమ్మకపోవడం రెండూ ఒకే ఏర్పాటులో ఉన్నాయి. ఆ తీర్మానం చెక్కిన రాతి శాసనం దొరకబట్టే ఇదంతా మనకు తెలిసింది.

దిగివచ్చేటప్పుడు గుడి అరుగు కింది గోడ దగ్గర చాలాసేపు ఉన్నాం. ఒకదానికొకటి అతికినట్టు వంపులు తిరిగిన రాళ్ళు, వాటి మీద వందల కొద్దీ శాసనాలు. చాలావరకు బానిసలకు స్వేచ్ఛనిచ్చిన పత్రాలే. యజమాని బానిసను అపోలోకు అమ్మినట్టు రాస్తారు. ఆ వెల బానిస కూడబెట్టుకున్న సొమ్ము. అక్షరాలు చిటికెన వేలి గోరంత కూడా లేవు. ఎండ పక్కవాటుగా పడ్డప్పుడే కనిపిస్తాయి.

బుధవారం, మ్యూజియం, కొరికియన్ గుహ

మ్యూజియంలో జనమంతా కంచు రథసారథి విగ్రహం చుట్టూ ఉన్నారు. ఆ కళ్ళు నిజంగానే మనల్ని చూస్తాయి. నేను వెతుక్కుంటూ వెళ్ళింది తెల్లటి గిన్నె కోసం. గిన్నె లోపల గీసిన బొమ్మలో అపోలో కూర్చుని ఉన్నాడు. ఎడమ చేతిలో తాబేటి చిప్పతో చేసిన వీణ, కుడి చేత్తో పాత్ర వంచి నేల మీద ధార పోస్తున్నాడు. ఎదురుగా ఒక నల్ల పక్షి ఆయన్నే చూస్తోంది. పక్షుల రాకపోకలను చూసి శకునం చెప్పుకున్న జాతి, దేవుణ్ణి చూసే పక్షిని గీసుకుంది.

మధ్యాహ్నం అరాహోవా మీదుగా పర్నాసస్ పీఠభూమికి వెళ్ళి అక్కడి నుంచి కొరికియన్ గుహకు నడిచాం. 1,300 మీటర్లకు పైన, ఫర్ చెట్ల మధ్య పెద్ద నోరు. పాన్ దేవుడిది, వనదేవతలది. పర్షియన్లు దండెత్తినప్పుడు డెల్ఫీ జనం కొందరు ఇక్కడ తలదాచుకున్నారని క్రీ.పూ. 5వ శతాబ్దపు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఫ్రెంచ్ వాళ్ళు దీన్ని తవ్వితే 20 వేలకు పైగా పాచికల ఎముకలు దొరికాయి. గొర్రె, మేక కాలి మడమ దగ్గరి చిన్న ఎముక అది. నాలుగు పక్కల్లో ఏదో ఒక పక్క మీద పడుతుంది. పడ్డ తీరును బట్టి ఫలితం చెప్పేవారు. పిల్లలు ఆడుకునేదీ అదే. మన అచ్చనగాయల్లా ఎగరేసి చేతి వెనక పట్టుకునే ఆట.

రాజులు కింద గుడి దగ్గర వరసలో నిలబడితే, రుసుం కట్టలేని గొర్రెల కాపరులు ఈ కొండెక్కి ఎముక విసిరి అడిగి ఉంటారని నా ఊహ. ఎముకల్లో కొన్నింటిని అరగదీశారు, కొన్నింటికి చిల్లులు పెట్టారు, కొన్నింట్లో సీసం పోశారు. ఒక్కోటి ఒక్కొక్కరు ఇక్కడిదాకా మోసుకొచ్చి వదిలి వెళ్ళింది.

గురువారం, దారి

రోజంతా కారులోనే. నఫ్‌పక్తోస్ తీరం, దూరం నుంచి రియో వంతెన, ప్రెవెజా దగ్గర సముద్రం కింది సొరంగం. రాత్రి ప్రెవెజాలో సార్డీన్ చేపలు తిని పడుకున్నాం.

శుక్రవారం, అకెరాన్ నది

మెసొపొటమోస్ ఊరి పక్కన చిన్న గుట్ట. గుట్ట మీద సెయింట్ జాన్ చర్చి, దాని కింద మందపాటి గోడల పాత కట్టడం. 1958 నుంచి ఇక్కడ తవ్విన పురాతత్వవేత్త సొతిరిస్ దాకరిస్, చనిపోయినవాళ్ళను పిలిచి ప్రశ్నలడిగే చోటు ఇదేనని ప్రకటించాడు. ఒడిస్సీ కావ్యంలో కవి హోమర్ తన నాయకుడు ఒడిస్సియస్‌ను పంపిన పాతాళపు వాకిలి కూడా అకెరాన్ దగ్గరే కదా. దొరికిన కంచు పళ్ళచక్రాలు ప్రేతాలను పైనుంచి దించే యంత్రానివని అనుకున్నాడు. తర్వాతి పరిశోధకులు వాటిని పరీక్షించి, అవి రాళ్ళూ బాణాలూ విసిరే యుద్ధయంత్రాల భాగాలని తేల్చారు. ఈ కట్టడం కోటగోడలున్న వ్యవసాయదారుల ఇల్లని ఇప్పుడు చాలామంది మాట. నాకూ అదే సరైనదనిపిస్తుంది. ఇంత మందం గోడలు, ధాన్యం జాడీలు దెయ్యాలకెందుకు? ఇనుప మెట్లు దిగి కమానుల కింద నిలబడితే మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది.

కట్టడం ఏదైనా, అకెరాన్ ఒడ్డున ప్రేతాల వాక్కు చెప్పే చోటొకటి ఉండేదని హెరొడోటస్ రాశాడు. కొరింథ్ నిరంకుశుడు పెరియాండర్ తన భార్య మెలిస్సాను తనే చంపాడు. కొన్నాళ్ళకు ఎవరో దాచమని ఇచ్చిన సొమ్ము ఎక్కడుందో తెలియక, చనిపోయిన ఆమెను అడగమని ఇక్కడికి మనుషులను పంపాడు. మెలిస్సా వచ్చింది. చెప్పనంది. ‘చలేస్తోంది, ఒంటి మీద బట్టల్లేవు. నాతో పాతిపెట్టిన బట్టలను దహనం చేయలేదు, అవి నాకు అందలేదు’ అంది. తనేనని గుర్తుగా, పెరియాండర్ చల్లారిన పొయ్యిలో రొట్టెలు పెట్టాడని చెప్పి పంపింది. ఆమె శవంతో తాను చేసిన పని అది. ఆ మాట అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

పెరియాండర్ ఊళ్ళోని ఆడవాళ్ళందరినీ హేరా దేవత గుడికి రమ్మన్నాడు. పండగనుకుని వాళ్ళు ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వచ్చారు. సైనికుల చేత యజమానురాళ్ళనూ దాసీలనూ ఒకేలా వివస్త్రలను చేయించి, ఆ బట్టలన్నీ గోతిలో వేసి మెలిస్సా పేరు మీద కాల్పించాడు. రెండోసారి మనుషులను పంపితే ఆమె సొమ్మున్న చోటు చెప్పింది.

“అక్కా, వాడు అడగాల్సింది డబ్బు సంగతా?” అన్నాడు తమ్ముడు, నది ఒడ్డున నడుస్తున్నప్పుడు. అంతకంటే నేను చెప్పగలిగింది లేదు. ఆమెను క్షమాపణ అడగడానికి దారి దొరికింది, వాడు లెక్క అడిగాడు. నది మాత్రం పచ్చగా, నెమ్మదిగా, అమ్మూదియా దగ్గర సముద్రంలో కలుస్తోంది.

శనివారం, డొడోనా, యానినా

తోమరోస్ పర్వతం కింద పచ్చిక లోయ. ఈ ఎపిరస్ ప్రాంతపు రాజు పిర్రస్ కాలంలో కట్టిన రంగస్థలం ఎంత పెద్దదంటే పక్కనున్న, దేవతల రాజు జ్యూస్ గుడి పునాదులు కంటికి ఆనవు. వాటి మధ్య ఒక ఓక్ చెట్టు. పాతది ఎప్పుడో పోయింది, ఇది మన కాలంలో నాటింది. అయినా అందరూ దాని దగ్గరికే వెళతారు, మేమూ వెళ్ళాం.

డెల్ఫీ కంటే ఇదే పాతదని గ్రీకులే అనుకునేవారు. హోమర్ ఇంకో కావ్యం ఇలియడ్‌లో వీరుడు అకిలీస్ ‘డొడోనా జ్యూస్’ అని మొక్కుతాడు. కాళ్ళు కడుక్కోకుండా నేల మీదే పడుకునే పూజారుల గురించి చెబుతాడు. ఒడిస్సీలో ఒడిస్సియస్ ఓక్ చెట్టు నుంచి జ్యూస్ మాట వినడానికి వెళ్ళినట్టు ఉంది. హెరొడోటస్ కాలానికి పలికేది ముగ్గురు పూజారిణులు. చీటీలు వేసే పద్ధతి కూడా ఉండేది. ల్యూక్ట్రా యుద్ధానికి ముందు స్పార్టన్లు వచ్చి అడుగుతుంటే, ఈ ప్రాంతపు మొలోసియన్ తెగ రాజు పెంచుకునే కోతి చీటీల కుండను దొర్లించి చెల్లాచెదురు చేసిందట. గెలుపు సంగతి మాని ప్రాణాల సంగతి చూసుకోండి అని పూజారిణి చెప్పింది. క్రీ.పూ. 371లో స్పార్టా అక్కడ ఓడింది.

కానీ నేను ఇంత దూరం వచ్చింది సీసపు రేకుల కోసం. అవి యానినా మ్యూజియంలో ఉన్నాయి. రెండు వేళ్ళ వెడల్పు కూడా లేని సన్నటి పట్టీలు. ప్రశ్నను మొనతో గీకి, మడిచి ఇచ్చేవారు. మడతల గీతలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక దాని మీద, పాత ప్రశ్నను రుద్దేసి మళ్ళీ రాసిన గుర్తులు తెలుస్తున్నాయి. ఇలాంటి రాతలు 4,200కు పైగా 2013లో అచ్చయ్యాయి.

నోటుబుక్కులో రాసుకున్న ప్రశ్నలను అద్దాల బీరువా ముందు తమ్ముడికి ఒక్కొక్కటే చదివి వినిపించాను. పెళ్ళి చేసుకోవడం మంచిదేనా అని గెరియోటోన్ అడిగాడు. గొర్రెలు పెంచితే లాభమేనా అన్నాడు ఇంకొకడు. ఆగిస్ అనేవాడి దుప్పట్లు, దిండ్లు పోయాయి, బయటివాళ్ళెవరైనా ఎత్తుకుపోయారా అని జ్యూస్‌నే అడిగాడు. హెర్మోన్‌కు క్రెతైయా వల్ల ఇప్పుడున్న పిల్లలు కాక ఇంకా పనికొచ్చే సంతానం కావాలి, ఏ దేవుణ్ణి మొక్కాలో చెప్పమన్నాడు. అన్నిలా కడుపులో ఉన్న బిడ్డ నాదేనా అని లిసానియస్ అడిగాడు. ఆ ప్రశ్న చదివినప్పుడు తమ్ముడు నవ్వబోయి ఆగిపోయాడు. అన్నిలా ఏమైపోయిందో అన్న ఆలోచన ఇద్దరికీ ఒకేసారి వచ్చింది.

డెల్ఫీలో కూడా తన కాలానికి జనం ఇవే అడిగేవారని ప్లూటార్క్ రాశాడు: పెళ్ళి చేసుకోనా, ఓడెక్కనా, అప్పివ్వనా. యుద్ధాల ప్రశ్నలు తగ్గి ఇవి మిగలడం దేశంలో శాంతి ఉన్నట్టేనని ఆయన సంతోషించాడు. కాలం చెల్లిన గుడికి పూజారిగా ఉంటూ ఆ మాట అనగలిగినందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

చివరిగా కిట్టోస్ ప్రశ్న చదివాను. అతనొక బానిస. డియోనిసియస్ తనకు ఇస్తానన్న స్వేచ్ఛ దొరుకుతుందా అని అడిగాడు. యజమానిని మళ్ళీ అడిగే ధైర్యం చాలక కాబోలు, జ్యూస్‌ను అడిగాడు. రేకుల మీద జవాబులు చాలా అరుదు, చెవిన పడ్డ మాట చెవిలోనే ఉండిపోయింది. డెల్ఫీ గోడ మీదున్న పేర్లన్నీ ఇలా ఎదురుచూసినవాళ్ళవేనని అక్కడే అర్థమైంది.

ఎపిరస్ వైపు వచ్చేవాళ్ళకు ఒక మాట. యానినా మ్యూజియం ముందు చూసి ఆ తర్వాతే డొడోనాకు వెళ్ళండి. మేం వెనకాముందుగా చూశాం కాబట్టి రేపు పొద్దున్న అక్కడికి ఇంకోసారి వెళుతున్నాం, ఈసారి పేర్లు తెలిసి.